ఫిలిప్పీన్స్‌లోని 'కప్వా'కి తెలుగులో ఏ మాట వాడాలి?

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. ఫిలిప్పీన్స్ సమాజాన్ని పాశ్చాత్య పండితులు ఎలా చదివారన్న దాని మీద తెలుగులో వ్యాసం రాస్తూ 'కప్వా' అనే ఫిలిపినో మాట దగ్గర ఆగిపోయాను.

ఆ దేశాన్ని 333 ఏళ్లు స్పెయిన్, ఆ తర్వాత అమెరికా పాలించాయి. 1849లో స్పెయిన్ గవర్నర్ క్లావేరియా ఒక జాబితా ఇచ్చి అక్కడివాళ్లకు ఇంటిపేర్లే పంచిపెట్టాడు. 1901లో ఓడ నిండా అమెరికన్ టీచర్లు దిగి ఇంగ్లీషులో బడులు నడిపారు. ఇక్కడిదాకా రాయడం తేలికే.

చిక్కంతా తర్వాతే. అమెరికన్ పరిశోధకులు ఫిలిపినోల స్వభావం అంటూ 'హియా' (సిగ్గు), 'ఉతాంగ్ నా లోఓబ్' (మేలు చేసినవారికి మనసులో ఉండిపోయే రుణం) లాంటివి పట్టుకున్నారు. 1970ల్లో ఫిలిపినో మనస్తత్వ శాస్త్రవేత్త విర్జీలియో ఎన్రీకెస్ దీన్ని తప్పుపట్టాడు. రుణం మాటను అంతగా పైకెత్తడం వలస పాలకులకే అనుకూలమన్నాడు. (అమెరికా విడిపించింది కాబట్టి రుణపడి ఉండాలి అన్నమాట!) అసలు కీలకం 'కప్వా' అన్నాడు. నేను, ఎదుటివాడు వేరు కాదు అనే ఎరుక అది.

దీనికి 'తోటి మనిషి' అని రాశాను. మా సార్‌కి అది పేలవంగా ఉందట, 'ఆత్మీయత' అనమన్నారు. నాకేమో అందులో అయినవాళ్లే కనిపిస్తున్నారు. కప్వాలో పరాయివాళ్లూ ఉంటారు. 'ఉతాంగ్'కి 'రుణానుబంధం' అంటే పూర్వజన్మ వాసన వచ్చేస్తుందా?

దావావోలోనో మనీలాలోనో మెడిసిన్ చదివినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కదా. అక్కడివాళ్లు ఈ మాటలు రోజూ ఎలా వాడతారో ఒకటి రెండు సందర్భాలు చెప్పగలరా?