పడమటి గోడ మీద స్ప్రే రాతలు: ఎండలో తుడవాలా, చల్లబడ్డాకా?

మూలమీదిల్లు:
మా ప్రహరీ గోడ పడమటి ముఖం. ప్లాస్టరు లేని ఎర్ర ఇటుక. మొన్న రాత్రి ఎవరో నల్ల స్ప్రేతో నిలువెత్తు సంతకం పెట్టి, చుట్టూ వెండి రంగు గీత కూడా లాగి పోయారు. పక్కనే గాజు తలుపు మీద మార్కర్‌తో ఇంకొకటి. మధ్యాహ్నం ఎండలో చేస్తే పెయింటు మెత్తబడి తేలిగ్గా వస్తుందంటున్నారు, నిజమేనా? వాన పడేలా ఉంది, ఆగాలా? మళ్లీ రాస్తే సులువుగా పోయేలా ఏదో కోటింగ్ ఉంటుందట, అది ఇటుకకి పనికొస్తుందా?

చెయ్యికాలినవాణ్ణి:
ఏం చేసినా చేయండి, ప్రెషర్ వాషర్ మాత్రం తెచ్చుకోకండి. నేను సన్న నాజిల్ పెట్టి జానెడు దూరం నుంచి కొట్టాను. రాత పోయింది, దాంతోపాటు ఇటుక పైపొర కూడా పోయింది. కాల్చినప్పుడు ఏర్పడే ఆ గట్టి పొర లేకపోతే లోపలిదంతా పిండే. ఇప్పుడు గోరుతో గీకినా రాలుతోంది. ఇటుకల మధ్య సున్నం సగం కొట్టుకుపోయింది. అన్నిటికంటే కడుపుమంట ఏంటంటే, అక్షరాలు పోయాయి కానీ అదే ఆకారంలో గుంటలు మిగిలాయి. సాయంత్రం ఏటవాలు ఎండ పడితే ఇంకా చక్కగా చదవొచ్చు.

22ఏళ్లఅనుభవం:
తప్పు మెషీన్‌ది కాదు, పట్టుకున్న చేతిది. 22 ఏళ్లుగా ఇదే నా పని, ఇటుక, రాయి, కాంక్రీటు అన్నీ చూశాను. ఎండ సంగతి: కాలే గోడ మీద థిన్నర్ గానీ అసిటోన్ గానీ పెడితే పని మొదలుపెట్టేలోపే ఆవిరైపోతుంది. సగం కరిగిన రంగు ఇంకాస్త లోపలికి దిగి అక్కడే ఎండుతుంది. పడమటి గోడకి పొద్దున పూట నీడ ఉంటుంది, అప్పుడే ముగించాలి. 10 డిగ్రీల లోపు చలిలోనూ వద్దు, మందు నిద్రపోతుంది. మొదలుపెట్టే ముందు గోడంతా బాగా తడపండి.

పొడిగుడ్డ:
తడపడమా? 22 ఏళ్లు ఇలాగే చేశారా సార్? ఇటుక రంధ్రాల్లో నీళ్లు నిండితే సాల్వెంట్ (థిన్నర్ లాంటి రంగు కరిగించే మందు) రంగు దాకా ఎలా చేరుతుంది? వాన వెలిసిన మర్నాడే తుడవబోయి మూడు డబ్బాలు వృథా చేశాను. గోడ రెండు రోజులు ఆరాక అదే మందుతో సగం పోయింది.

22ఏళ్లఅనుభవం:
పొడి గోడ రంగు నీళ్లని స్పాంజిలా పీలుస్తుంది. కారిన చోటల్లా కిందదాకా చారలు పడతాయి. అవి మీరు చూసి ఉండరు.

పొడిగుడ్డ:
చూశాను. అందుకే రాత కింద భాగం తడుపుతాను, రాత మీద కాదు. మీరు రాసింది "గోడంతా" అని. పైకి వెళ్లి చదువుకోండి.

రాతిపని:
ఇద్దరూ వేర్వేరు మందుల గురించి కొట్టుకుంటున్నారు. నీళ్లతో కడిగే క్షార మందులకి ముందు తడపడం వేరు, థిన్నర్ లాంటివాటికి పొడిగా ఉంచడం వేరు. ఇంతకీ కాస్టిక్ లాంటి ఆ క్షార మందు వాడిన ఇటుకని సరిగ్గా కడగకపోతే తర్వాత తెల్లగా ఉప్పు పూస్తుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరే?

22ఏళ్లఅనుభవం:
నా కస్టమర్లలో ఒక్కరూ తిరిగి ఫోన్ చేయలేదు. అది చాలు.

పొడిగుడ్డ:
ఫోన్ ఎందుకు చేయలేదో ఆలోచించారా?

పాలరాయిమెట్లు:
మీ గొడవ మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా మెట్ల మీద రాస్తే ఒకాయన బాత్రూం కడిగే యాసిడ్ పోశాడు. పాలరాయి బుసబుసా పొంగింది. పెయింటు అలాగే ఉంది, చుట్టూ రాయి మాత్రం గరుకుగా, మెరుపు లేకుండా తయారైంది. దీనికి మందుందా?

రాతిపని:
యాసిడ్ రంగుని ముట్టదండీ, రాయిని తింటుంది. పాలరాయి, సున్నపురాయి రెండూ కాల్షియం కార్బొనేటే, ఆ పొంగింది రాయి కరిగి వచ్చిన గ్యాసు. పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. మిగిలిన రంగుకి ముల్తానీ మట్టిలో గానీ తెల్ల బంకమట్టిలో గానీ సాల్వెంట్ కలిపి ముద్దగా పట్టించండి, పైన పాలిథిన్ కప్పండి. మట్టి రంగుని బయటికి లాగుతుంది. ఎండ తగిలితే ముద్ద ముందే బిగుసుకుపోతుంది, నీడ చూసుకోండి. ఒక్కసారికి పోదు, ఓపిక కావాలి.

చెయ్యికాలినవాణ్ణి:
పాలరాయి సరే. వాషర్‌తో నా ఇటుకకి పట్టిన గతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

అండర్‌పాస్:
చలి, ఎండ అంటున్నారు గానీ గాలి ఆడని చోట చేసిన వాళ్లున్నారా? మా రోడ్డు కింది దారిలో వానా లేదు ఎండా లేదు, అయినా అన్నిటికంటే కష్టం అదే. సాల్వెంట్ ఆవిరి గాలికంటే బరువు, కిందనే పేరుకుంటుంది. పది నిమిషాలు కూర్చుని రుద్దేసరికి తల తిరిగింది. పాత రకం స్ట్రిప్పర్లలో ఉండే మిథిలీన్ క్లోరైడ్ మరీ దారుణం, అమెరికాలో 2019లో ఇళ్లలో వాడేవాళ్లకి దాంతో చేసిన పెయింట్ రిమూవర్లు అమ్మడం ఆపేశారు. ఇంకోటి, కడిగిన నీళ్లు వాన కాలువలోకి పోనివ్వకూడదు. అక్కడ కాలువ నా కాళ్ల కిందే.

సున్నంబకెట్:
ఇంత రుద్దుడెందుకు? పైన రంగేసి పారేయండి. గంట పని.

రాతిపని:
ప్లాస్టరు గోడకి వేయండి, ఎవరొద్దన్నారు. పాత ఇటుక మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పెచ్చులూడుతుంది.

సున్నంబకెట్:
మాది పదేళ్లుగా ఊడలేదు.

రాతిపని:
మీది ఇటుకా?

సున్నంబకెట్:
సిమెంటు ప్లాస్టరు.

పొడిగుడ్డ:
😂

రైలుపిచ్చి:
న్యూయార్క్ సబ్‌వేలో రాతలున్న రైలుని పట్టాల మీదికి పంపకుండా, శుభ్రం చేశాకే పంపుతూ వచ్చారు. 1984లో మొదలుపెట్టి 1989 మే 12న ఆఖరి రాతల బోగీని పక్కకి తీశారు. అంటే వెంటనే తుడిచేయడమే కీలకం.

22ఏళ్లఅనుభవం:
బోగీ లోహం బాబూ, రంగుని పీల్చదు. ఇటుకతో పోల్చకు. వెంటనే తుడవాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. నూనె ఆధారిత పెయింటు గాలి తగిలేకొద్దీ గట్టిపడుతూనే ఉంటుంది. మొదటి వారంలో పోయేది నెల తర్వాత పోదు.

మూలమీదిల్లు:
ఈ రోజు పొద్దున ఆరింటికే మొదలుపెట్టాను. రాత కింద తడిపాను, రాత మీద పొడిగా ఉంచాను (22 ఏళ్ల సార్ క్షమించాలి). జెల్ రకం రిమూవర్ పూసి, ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, తక్కువ ప్రెషర్‌తో కడిగాను. నలుపు చాలావరకు పోయింది. వెండి పొడి మాత్రం రంధ్రాల్లో ఇరుక్కుని ఉంది. కొత్త సమస్య: అక్షరాల మీదే రుద్దాను కదా, అక్కడ ఏళ్లనాటి రోడ్డు మసి కూడా పోయి ఇటుక కొత్తగా మెరుస్తోంది. నల్లగా ఉన్న సంతకం ఇప్పుడు ఎర్రగా కనిపిస్తోంది!

రాతిపని:
అందుకే ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మొత్తం కడగాలి. వెండికి మట్టి ముద్ద పెట్టండి.

22ఏళ్లఅనుభవం:
గోడంతా తడపమని ముందే చెప్పాను.

పొడిగుడ్డ:
తడపమన్నారు. కడగమనలేదు.

మూలమీదిల్లు:
ఆ కోటింగ్ సంగతి ఎవరైనా చెప్తారా? మైనం రకం ఒకటి, శాశ్వత రకం ఒకటి చూపించాడు షాపులో.

చెయ్యికాలినవాణ్ణి:
మైనం రకం తుడిచిన ప్రతిసారీ రాతతోపాటే పోతుంది, మళ్లీ పూయాలి. పడమటి ఎండకి ఎన్నాళ్లుంటుందో షాపువాణ్ణే అడగండి. నేనైతే ఇక ఆ గోడ ముందు బోగన్‌విల్లా నాటాను.

పాలరాయిమెట్లు:
బోగన్‌విల్లా వేర్లు పునాదికి ఏమీ చేయవా?