టామ్‌క్యాట్‌లోని వార్ ఫైలు లోపల అపాచీ ఫెలిక్స్‌ను నడపడం: క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్, మారని బండిళ్లు

ప్రశ్న – గోదారిగట్టు

నమస్కారం. మా జావా వెబ్ అప్లికేషన్ టామ్‌క్యాట్ 9 అనే వెబ్ సర్వర్ మీద ఒకే పెద్ద వార్ ఫైలుగా (అప్లికేషన్ మొత్తాన్ని ఇమిడ్చిన ఒకే ప్యాకేజీగా) నడుస్తోంది. అందులోని బిల్లింగ్, నివేదికలు, నోటిఫికేషన్ల భాగాలను వేర్వేరు బృందాలు రాస్తాయి. ఏ ఒక్క భాగం మారినా మొత్తం అప్లికేషన్‌ను ఆపి మళ్లీ డిప్లాయ్ చేయవలసి వస్తోంది. అందువల్ల ఆ భాగాలను ఓఎస్‌జీఐ బండిళ్లుగా (విడివిడిగా మార్చగల మాడ్యూళ్లుగా) విడదీసి, వాటిని నడిపే ఫ్రేమ్‌వర్క్ అయిన అపాచీ ఫెలిక్స్‌ను వార్ లోపలే నడపాలని నిర్ణయించాము. ఫెలిక్స్‌నే ప్రధాన ప్రాసెస్‌గా పెట్టి దాని లోపల జెట్టీ అనే వెబ్ సర్వర్‌ను నడిపే మార్గం ఉన్నదని తెలుసు. అయితే సర్వర్లు చూసే విభాగం వార్ ఫైలు తప్ప మరొకటి స్వీకరించదు కనుక ఆ చర్చ వద్దు.

అప్లికేషన్ మొదలైనప్పుడు నడిచే సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్‌లిజనర్‌లో, అమలు క్లాసులను వెతికిపెట్టే సర్వీస్‌లోడర్ ద్వారా ఫ్రేమ్‌వర్క్‌ఫ్యాక్టరీని తెచ్చుకుని ఫ్రేమ్‌వర్క్‌ను ప్రారంభిస్తున్నాము. వెబ్-ఇన్ఫ్ కింద ఉన్న బండిళ్లన్నీ ఇన్‌స్టాల్ అయి యాక్టివ్ స్థితికి చేరుతున్నాయి. అక్కడి నుంచి రెండు చిక్కులు ఎదురవుతున్నాయి. బండిల్ నమోదు చేసిన సర్వ్‌లెట్‌ను (వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే క్లాసును), అభ్యర్థనలను పంచడానికి మేము వార్‌లో రాసిన డిస్పాచర్, ఫ్రేమ్‌వర్క్ సేవల రిజిస్ట్రీ నుంచి తీసుకుని సర్వ్‌లెట్ రకానికి మార్చబోతే, ఆ వస్తువు ఆ రకానిది కాదంటూ క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తోంది. ఆ బండిల్‌లోని క్లాసు నిస్సందేహంగా హెచ్‌టీటీపీసర్వ్‌లెట్ నుంచే వచ్చినది. రెండవది, కొత్త బండిల్‌తో వార్‌ను మళ్లీ డిప్లాయ్ చేసినా కొన్నిసార్లు పాత కోడే నడుస్తోంది. పైగా అన్‌డిప్లాయ్ చేసినప్పుడు కొన్ని థ్రెడ్లు ఆగలేదని టామ్‌క్యాట్ లాగ్‌లో హెచ్చరిస్తోంది. ఈ రెండింటికీ మూలం ఒకటేనా?

జవాబు – పాతకాపు

రెండింటికీ మూలాలు వేరు. నేను మొదటి దానికి జవాబు చెబుతాను.

జావా వర్చువల్ మెషీన్‌లో ఒక క్లాసును గుర్తించేది దాని పేరు ఒక్కటే కాదు, ఆ పేరుతోపాటు దాన్ని మెమరీలోకి తెచ్చి నిర్వచించిన క్లాస్‌లోడర్ కూడా. ఒకే పేరుండి ఇంటిపేర్లు వేరైన ఇద్దరు ఎలాగో, రెండు లోడర్లు తెచ్చిన జావాఎక్స్.సర్వ్‌లెట్.సర్వ్‌లెట్ కూడా అలాగే రెండు వేర్వేరు రకాలు. మీ బండిళ్లతోపాటు సర్వ్‌లెట్ ఏపీఐ బండిల్ కూడా ఫ్రేమ్‌వర్క్‌లోకి చేరి ఉంటుంది; బిల్డ్ పరికరాలు ఆధారాలన్నింటినీ పోగుచేసేటప్పుడు ఇది ఎవరి కంటా పడకుండా వచ్చేస్తుంది. మీ సర్వ్‌లెట్ ఆ బండిల్‌లోని ఏపీఐకి ముడిపడింది, డిస్పాచర్ మాత్రం టామ్‌క్యాట్ ఏపీఐకి ముడిపడింది.

కాబట్టి ఆ ఏపీఐ బండిల్‌ను తీసివేసి, టామ్‌క్యాట్ ఇచ్చే ప్యాకేజీలనే సిస్టమ్ బండిల్ (ఫ్రేమ్‌వర్క్‌కే ప్రతినిధి అయిన బండిల్) ద్వారా ఎగుమతి చేయండి. ఫ్రేమ్‌వర్క్ ప్రాపర్టీలలో ‘సిస్టమ్.ప్యాకేజెస్.ఎక్స్‌ట్రా’ అనేది ఇందుకే ఉన్నది. అందులో ప్యాకేజీ పేరుతోపాటు వెర్షన్ తప్పనిసరిగా రాయాలి. రాయకపోతే అది 0.0.0 గా ఎగుమతి అవుతుంది, 3.1 లేదా అంతకంటే పై వెర్షన్ కావాలని అడిగే బండిల్ ఒక్కటి కూడా రిజాల్వ్ కాదు, అంటే దానికి కావలసినవి దొరకక మొదలుకాదు. టామ్‌క్యాట్ 9 అమలు చేసేది సర్వ్‌లెట్ 4.0 ను. ఈ ప్రాపర్టీతో పని కాలేదని బూట్‌డెలిగేషన్‌లో (ప్యాకేజీలను నేరుగా పైలోడర్ నుంచి తెచ్చే జాబితాలో) సర్వ్‌లెట్ ప్యాకేజీలను పెట్టే అలవాటు కొందరికి ఉన్నది. అది వెర్షన్ లెక్కలను పక్కకు నెట్టి మాడ్యూళ్ల మధ్య గోడనే కూలదోస్తుంది కనుక దాని జోలికి పోకండి.

ఇంకొక మాట. మీ డిస్పాచర్‌ను పూర్తిగా వదిలేయండి. ఫెలిక్స్ హెచ్‌టీటీపీ ప్రాజెక్టులో టామ్‌క్యాట్‌కు వచ్చిన అభ్యర్థనలను బండిళ్లకు అందించే ఈ పనికే బ్రిడ్జ్ ఉన్నది. ప్రాక్సీ జార్ వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో, బ్రిడ్జ్ బండిల్ ఫ్రేమ్‌వర్క్ లోపల ఉంటాయి. ప్రారంభంలో బండిల్‌కాంటెక్స్ట్‌ను, ఆ ఇంటర్‌ఫేస్ పూర్తి పేరే కీగా, సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్ ఆట్రిబ్యూట్‌గా పెడితే చాలు. బ్రిడ్జ్ సేవగా నమోదు చేసిన డిస్పాచర్‌ను ప్రాక్సీసర్వ్‌లెట్ వెతికి పట్టుకుని ప్రతి అభ్యర్థననూ దానికి అందిస్తుంది. సెషన్ సంఘటనలు లోపలి లిజనర్లకు చేరాలంటే ప్రాక్సీలిజనర్‌ను కూడా వెబ్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో నమోదు చేయాలి. బండిళ్లలో అసింక్ సర్వ్‌లెట్లు (జవాబును తరువాత పంపేవి) ఉంటే ప్రాక్సీ సర్వ్‌లెట్‌కు కూడా అసింక్-సపోర్టెడ్ అని రాయాలి. లేకపోతే లోపల ఎంత సరిగా ప్రకటించినా స్టార్ట్‌అసింక్ పిలవగానే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది.

జవాబు – మెట్టపొలం

పాతకాపు గారు చెప్పినది సరైనదే. రెండవ చిక్కు సంగతి చూద్దాం.

ఇన్‌స్టాల్‌బండిల్ అనే పద్ధతికి మీరు ఇచ్చే లొకేషన్ పాఠమే ఆ బండిల్‌కు గుర్తింపు. అదే లొకేషన్‌తో ఒక బండిల్ ఇప్పటికే క్యాష్‌లో (ఫ్రేమ్‌వర్క్ బండిళ్లను దాచుకునే ఫోల్డరులో) ఉంటే, ఫ్రేమ్‌వర్క్ మీరిచ్చిన కొత్త జార్‌ను చదవకుండానే పాత బండిల్‌ను తిరిగి ఇస్తుంది. ఇది లోపం కాదు, స్పెసిఫికేషన్ చెప్పిన నడవడికే. మీకు రెండు మార్గాలున్నాయి. స్టోరేజ్ క్లీన్ ప్రాపర్టీకి ‘ఆన్‌ఫస్ట్‌ఇనిట్’ విలువనిస్తే ప్రతి ప్రారంభంలోనూ క్యాష్ ఖాళీ అవుతుంది. లేదా జార్ మారినదని తెలిసినప్పుడు బండిల్ మీద అప్‌డేట్ పిలిచి, తరువాత దాన్ని వాడే బండిళ్లు కొత్త కోడుకు ముడిపడేలా రిఫ్రెష్ చేయాలి. బండిళ్లన్నీ వార్‌తోనే వస్తున్నంతకాలం మొదటిదే మేలు. బండిళ్లను విడిగా మార్చాలన్నది మీ అసలు ఉద్దేశం కనుక, ఎప్పటికైనా రెండవదానికి రాక తప్పదు.

క్యాష్ ఎక్కడ ఉన్నదో కూడా చూడండి. స్టోరేజ్ ప్రాపర్టీ ఇవ్వకపోతే ఫెలిక్స్, ప్రాసెస్ నడుస్తున్న డైరెక్టరీలో ఫెలిక్స్-క్యాష్ అనే ఫోల్డరును తయారు చేస్తుంది. టామ్‌క్యాట్‌ను ఎవరు ఎక్కడి నుంచి ప్రారంభించారన్న దాన్ని బట్టి ఆ చోటు మారుతుంది. మీకు ‘కొన్నిసార్లు’ మాత్రమే పాత కోడు కనిపించడానికి ఇదే కారణమై ఉండవచ్చు. అదే టామ్‌క్యాట్‌లో రెండు వార్‌లు ఇలాగే ఉంటే రెండవది క్యాష్ తాళం దగ్గరే ఆగిపోతుంది. సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ ప్రకారం కంటెయినర్ ప్రతి అప్లికేషన్‌కూ విడిగా తాత్కాలిక డైరెక్టరీ ఇవ్వాలి కనుక, టెంప్‌డిర్ ఆట్రిబ్యూట్ నుంచి దాన్ని తీసుకుని స్టోరేజ్‌గా ఇవ్వండి. బండిళ్లను చదవడానికి గెట్‌రియల్‌పాత్ మీద ఆధారపడకండి, వార్‌ను విప్పకుండా నడిపితే అది నల్ ఇస్తుంది. గెట్‌రిసోర్స్‌పాత్స్‌తో పేర్లు, గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్‌తో జార్‌లు తీసుకోవాలి.

ఆగని థ్రెడ్ల మాటకొస్తే, ఫ్రేమ్‌వర్క్ స్టాప్ పిలుపు వెంటనే తిరిగి వచ్చేస్తుంది, అసలు ఆగడం వెనుక వేరే థ్రెడ్‌లో జరుగుతుంది. కాంటెక్స్ట్‌డెస్ట్రాయ్డ్‌లో స్టాప్ తరువాత వెయిట్‌ఫర్‌స్టాప్ పిలవకపోతే, బండిళ్ల యాక్టివేటర్లు (మొదలు, ముగింపు పనులు చేసే క్లాసులు) ఇంకా సర్దుకుంటుండగానే టామ్‌క్యాట్ అప్లికేషన్ క్లాస్‌లోడర్‌ను మూసేస్తుంది. గడువు ఇచ్చి పిలవండి. గడువు దాటినట్లు సంఘటన తిరిగి వస్తే లాగ్ చేయండి. దీని తరువాత కూడా హెచ్చరికలు వస్తే, అప్పుడు ఏదో ఒక బండిల్ తాను పెట్టిన థ్రెడ్‌ను తాను ఆపడం లేదని అర్థం.

యూఆర్‌ఎల్ స్ట్రీమ్ హ్యాండ్లర్ ఫ్యాక్టరీని ఒక వర్చువల్ మెషీన్‌లో ఒక్కసారే అమర్చగలం, ఆ చోటును టామ్‌క్యాట్ కూడా వాడుకుంటుంది. ఫెలిక్స్ కూడా తన యూఆర్‌ఎల్ సేవ కోసం ఆ చోటునే కోరుతుంది. మీ బండిళ్లకు ఆ సేవ అక్కర లేకపోతే ఫెలిక్స్ యూఆర్‌ఎల్‌హ్యాండ్లర్స్ ప్రాపర్టీని ఫాల్స్ చేయండి. అయితే బండిల్ చిరునామాను పాఠంగా మార్చి మళ్లీ యూఆర్‌ఎల్‌గా చదివే లైబ్రరీలు అప్పుడు పనిచేయవు కనుక ముందుగా పరీక్షించుకోండి.

జవాబు – రాత్రిషిఫ్టు

పైవారిద్దరూ చెప్పినట్లు చేస్తే ఫ్రేమ్‌వర్క్ నడుస్తుంది. కానీ ఆపకుండా మార్చడమే లక్ష్యమైతే, మీ సెషన్లలో ఏమి దాస్తున్నారో ముందు చూడాలి. హెచ్‌టీటీపీసెషన్ టామ్‌క్యాట్ చేతిలో ఉంటుంది. అందులో బిల్లింగ్ బండిల్‌లోని క్లాసు వస్తువు ఒకటి ఉండగా ఆ బండిల్‌ను అప్‌డేట్ చేసి రిఫ్రెష్ చేశారనుకుందాం: కొత్త కోడుకు కొత్త లోడర్, సెషన్‌లోని వస్తువుకు పాత లోడర్. అప్పటివరకు లాగిన్ అయి ఉన్న వాడుకరులందరికీ మీరు ఇప్పుడు చూస్తున్న క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షనే వస్తుంది, ఆ వస్తువులు పోయేవరకు పాత లోడర్ కూడా మెమరీలో కూర్చుంటుంది. సెషన్‌లో స్ట్రింగులు, సంఖ్యలు, మ్యాపుల వంటి జేడీకే రకాలు మాత్రమే ఉంచగలిగితే ఈ మార్గంలో వెళ్లండి.

థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ (నడుస్తున్న థ్రెడ్‌కు తగిలించి ఉండే లోడర్) మరొక ముల్లు. అభ్యర్థన థ్రెడ్‌కు టామ్‌క్యాట్ వార్ లోడర్‌ను తగిలిస్తుంది. బండిల్ లోపల సర్వీస్‌లోడర్‌ను వాడే లైబ్రరీ తన అమలును బండిళ్లలో కాక వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో వెతుకుతుంది. పిలుపుకు ముందు లోడర్‌ను మార్చి ఫైనల్లీలో వెనక్కి పెట్టవచ్చు, లేదా ఓఎస్‌జీఐలో సర్వీస్‌లోడర్ పనిచేసేలా చేసే అపాచీ ఆరీస్ ఎస్‌పీఐ ఫ్లైని వాడవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, టామ్‌క్యాట్ 7 నుంచి ఉన్న సమాంతర డిప్లాయ్‌మెంట్‌ను (ఒకే అప్లికేషన్ రెండు వెర్షన్లను ఒకేసారి నడపడాన్ని) ముందు ప్రయత్నించమంటాను. వార్ పేరు చివర రెండు హాష్ గుర్తులు, వెర్షన్ పెడితే పాత సెషన్లు పాత వార్‌లోనే సాగుతాయి, కొత్తవారు కొత్త వార్‌కు వెళ్తారు. పనుల జాబితాలు నిర్వహించే జిరా వంటి ఉత్పత్తులు వెబ్ అప్లికేషన్‌లో ఫెలిక్స్‌ను ఇమిడ్చినది బయటివారు రాసే ప్లగిన్ల కోసం. మీ బండిళ్లన్నీ మీ సంస్థలోవే.

గోదారిగట్టు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఏపీఐ బండిల్ తీసివేసి ప్యాకేజీలను ఎగుమతి చేసి, బ్రిడ్జ్ పెట్టాక మొదటి చిక్కు పోయింది. సెషన్‌లో నివేదికల వస్తువులు ఉన్న మాట నిజమే. వాటిని గుర్తింపు సంఖ్యలుగా మార్చే పని మొదలుపెట్టాము. సమాంతర డిప్లాయ్‌మెంట్ గురించి సర్వర్ల విభాగాన్ని అడిగాము, ఒకేసారి రెండు వార్‌లకు సరిపడే మెమరీ ఇవ్వలేమన్నారు. ప్యాకేజీలన్నీ దొరికినా ఒక బండిల్ మాత్రం ఓఎస్‌జీఐ.కాంట్రాక్ట్, జావాసర్వ్‌లెట్ కావాలంటూ రిజాల్వ్ కావడం లేదు.

పాతకాపు

ఆ బండిల్ ప్యాకేజీ వెర్షన్లకు బదులు కాంట్రాక్టును (ఒక స్పెసిఫికేషన్ ప్యాకేజీలన్నింటికీ కలిపి ఒకే పేరు, వెర్షన్‌తో చేసే ప్రకటనను) అడుగుతోంది, ఏపీఐ బండిల్ ఉన్నప్పుడు దాన్ని అదే అందించేది. ఇప్పుడు ‘సిస్టమ్.కేపబిలిటీస్.ఎక్స్‌ట్రా’ ప్రాపర్టీలో జావాసర్వ్‌లెట్ కాంట్రాక్టును మీరే ప్రకటించాలి. కాంట్రాక్టు వెర్షన్లు శ్రేణిగా కాక కచ్చితంగా సరిపోవాలి కనుక 4.0 ఒక్కటే రాస్తే 3.1 అడిగే బండిల్‌కు అందదు. వెర్షన్‌ను జాబితా రకంగా పెట్టి 3.0, 3.1, 4.0 మూడింటినీ రాయండి, యూజెస్ భాగంలో మీరు ఎగుమతి చేస్తున్న సర్వ్‌లెట్ ప్యాకేజీలన్నింటినీ చేర్చండి. టామ్‌క్యాట్ 10 కు వెళ్లే రోజున జావాఎక్స్ పేర్లు జకార్తాగా మారతాయి కాబట్టి ఈ రెండు ప్రాపర్టీలనూ కోడులో కాక ఒక ప్రాపర్టీస్ ఫైలులో ఉంచుకోండి.