గ్రేట్ వైట్ వే: తెలుగులో ఏమనాలి?

అచ్చుతప్పు:
న్యూయార్క్ రంగస్థలం మీద పనిచేసిన ఒక నటి జ్ఞాపకాలను తెలుగు చేస్తున్నాను. అందులో పది పదిహేను చోట్ల ‘గ్రేట్ వైట్ వే’ అని వస్తుంది. బ్రాడ్‌వే నాటకశాలల పేటకు అది ముద్దుపేరని నిఘంటువు చెప్పింది. నేను ‘మహా శ్వేతపథం’ అని రాసి పంపాను. సంపాదకుడు ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘ఇది హిమాలయ యాత్రా?’ అని రాసి తిప్పి పంపారు. ఉడుక్కున్నాను గానీ ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

ఇంకో చిక్కు. ఆమె డెబ్బైల చివర ఒక సోమవారం రాత్రి ఆ ఊళ్లో దిగింది. ఆ రాత్రి గ్రేట్ వైట్ వే చీకటిగా ఉందని రాసింది. 1977లో న్యూయార్క్ అంతా కరెంటు పోయిందని ఎక్కడో చదివిన గుర్తు. అదే అయి ఉంటుందని ‘కరెంటు లేదు’ అని రాసేశాను. తీరా చూస్తే తరువాతి పేరాలోనే ఆవిడ సైన్‌బోర్డుల వెలుగులో ఉత్తరం చదువుకుంటోంది!

మారుపేరు:
ముద్దుపేరును అనువదించకండి. ‘గ్రేట్ వైట్ వే’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి. పాఠకులు పసిపిల్లలు కారు.

నాలుగో వరుస:
సోమవారం సంగతి ముందు చెప్పేస్తాను. నాటకాల వాళ్ల భాషలో ఒక హాలు ‘చీకటి’గా ఉందంటే ఆ రోజు ఆట లేదని అర్థం. బ్రాడ్‌వేలో చాలా నాటకాలకు సోమవారం సెలవు. వీధి దీపాలకు, కరెంటుకు దాంతో సంబంధం లేదు. 1977 జూలై 13న ఊరు చీకటైన మాట నిజమే, కానీ అది బుధవారం.

ఇక పేరు. అందులోని తెలుపు విద్యుద్దీపాల తెలుపు. 1880 డిసెంబరులో బ్రాడ్‌వే మీద, యూనియన్ స్క్వేర్ నుంచి మాడిసన్ స్క్వేర్ దాకా, చార్లెస్ బ్రష్ కంపెనీ ఆర్క్ దీపాలు పెట్టింది. మా నాన్న సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. పాత యంత్రాల్లోనూ ఆర్క్ దీపమే: రెండు కర్బన కడ్డీల కొనలు దగ్గరికి తెస్తే మధ్యలో వెలుగు భగ్గుమనేది. నల్లటి అద్దంలోంచి తప్ప చూడనిచ్చేవాడు కాదు. అదే రకం వెలుగు వీధి పొడవునా స్తంభాల మీద వెలుగుతుంటే, అంతవరకు గ్యాసు దీపాల పసుపుకు అలవాటుపడిన కళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

పేరు మాత్రం అప్పుడే పుట్టలేదు. 1902 ఫిబ్రవరిలో ఈవెనింగ్ టెలిగ్రామ్ పత్రిక శీర్షికలో కనిపిస్తుంది. అప్పటికి నాటకశాలలు ఉత్తరానికి జరుగుతున్నాయి, ప్రకటనల బోర్డుల నిండా బల్బులే. ఆ పేట నడిబొడ్డున ఉన్న టైమ్స్ స్క్వేర్‌కు ఆ పేరు 1904లో వచ్చింది, అంతకుముందు అది లాంగేకర్ స్క్వేర్. ఇప్పుడు అక్కడ తెలుపు వెతుక్కోవాలి. ఎరుపు, నీలం, కదిలే బొమ్మలు. కొత్త భవనాలకు వెలిగే బోర్డులు ఉండి తీరాలని 1987లో నగరం నిబంధనే పెట్టింది.

వాడుక సంగతి. నేను నదికి ఇవతల న్యూజెర్సీలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను, నెలకొక నాటకం చూస్తాను. హాలు ముందు వరుసలో నిలబడ్డవాళ్ల నోట ఈ పేరు ఒక్కసారీ వినలేదు, అందరూ ‘బ్రాడ్‌వే’ అనే అంటారు. పత్రికల శీర్షికల్లో, పర్యాటకుల కరపత్రాల్లో మాత్రం పుష్కలంగా ఉంటుంది. ఆ ‘బ్రాడ్‌వే’ కూడా కాస్త మోసమే. మొదటిసారి నేను టికెట్టు పట్టుకుని బ్రాడ్‌వే వీధి వెంబడి ఇరవై నిమిషాలు తిరిగాను. నా హాలు 45వ వీధిలో ఉంది! 41 హాళ్లలో బ్రాడ్‌వే మీదే వాకిలి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సాధారణంగా 500 సీట్లకు తగ్గకుండా ఉండి, ఆ పేటలో ఉన్నదాన్ని బ్రాడ్‌వే హాలంటారు.

పేరున్న రంగస్థల కళాకారులు పోయినప్పుడు ఆట మొదలయ్యే ముందు హాళ్ల ముందరి దీపాలను ఒక నిమిషం తగ్గిస్తారు. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. పక్కన ఫోటోలు తీసుకుంటున్న కుటుంబం బల్బులు పాడైపోయాయనుకుంది.

నన్నడిగితే ‘వెలుగుపుంత’ అంటాను. పాలపుంతలో పుంత అంటే దారే కదా.

మారుపేరు:
పుంత పొలాల మధ్య బండ్లు పోయే దారండీ! ‘బ్రాడ్‌వే’ అన్న పేరులోనే వెడల్పు ఉంది.

నాలుగో వరుస:
పాలపుంతను ఇరుకని ఎవరైనా అన్నారా?

కాటుక:
ఒక జాగ్రత్త. ఆ ‘వైట్’ను తెల్లజాతి అనే అర్థంలోకి తిప్పి, ‘పేరుకు తగ్గట్టే ఉంది’ అని ఎత్తిపొడిచేవాళ్లు చాలామంది. వేదిక మీదా, సీట్లలోనూ నల్లవాళ్లు ఎంతమంది అన్నది అక్కడ పాత తగాదా. నల్లజాతి నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ పేరు ఒక హాలుకు 2005లో వచ్చింది. నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్, నల్లజాతి గాయని, నటి లీనా హార్న్‌ల పేర్లు రెండు హాళ్లకు పెట్టడానికి 2022 దాకా పట్టింది. మీ నటి ఎక్కడైనా ఆ రెండో అర్థంలో వాడి ఉంటే ‘వెలుగు’ అన్న మాట ఆ పోటును మింగేస్తుంది.

అచ్చుతప్పు:
వాడింది! ఏడో అధ్యాయంలో, వేషం దక్కని రోజు. నేను అక్కడ కూడా ‘శ్వేతపథం’ అని రాసి, ఎంత పవిత్రంగా వినిపిస్తోందో అని మురిసిపోయాను.

మిగతా చోట్ల ‘వెలుగుపుంత’ పెడుతున్నాను, మారుపేరుగారు క్షమించాలి. మొదటిసారి వచ్చినచోట అసలు పేరు కూడా చెబుతాను. ఏడో అధ్యాయంలో మాత్రం ‘పేరులోనే ఉంది, తెల్లవాళ్ల దారి’ అని ఆవిడ చేతనే అనిపిస్తాను. సోమవారం వాక్యం ఇలా మార్చాను: ‘నేను దిగిన రాత్రి వెలుగుపుంతలో ఆటలు లేవు.’ సంపాదకుడికి ఇప్పుడే పంపాను.