పార్టీ లేని సిద్ధాంత రచయితకు నెలకు 200 ఇద్దామా?

గోదారిగట్టు: నాకు తెలిసిన ఒకాయన కౌలు రైతుల గురించి, భూమి మీద కౌలు ఎలా పుడుతుందన్న సిద్ధాంతం గురించి రాస్తున్నాడు. అందుకోసం కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం కూడా మానేశాడు. ఏ పార్టీలోనూ లేడు కాబట్టి వాళ్ళ ప్రచురణ సంస్థలు వెయ్యవు, యూనివర్సిటీలో లేడు కాబట్టి ఫెలోషిప్ రాదు. వంద మందిమి నెలకు 200 వేస్తే 20,000 అవుతుంది. రెండేళ్ళు చాలు. ఏమంటారు?

పాతచందాదారు: ఒక పత్రికకు ఏడాది చందా కట్టాను. మూడు సంచికలు వచ్చాయి. అంతే.

గోదారిగట్టు: ఇది పత్రిక కాదు సార్.

రాత్రిదీపం: రాయాలని ఉన్నవాడు ఉద్యోగం చేసుకుంటూ రాయాలి. చందాల మీద బతుకుతూ విప్లవం గురించి రాస్తే ఎవరు నమ్ముతారు?

గోదారిగట్టు: మార్క్స్ ఎలా బతికాడు అన్నా? ఆయన మిత్రుడు ఎంగెల్స్ 1850లో ఇంగ్లండులోని మాంచెస్టర్ వెళ్ళి తండ్రికి వాటా ఉన్న నూలు కంపెనీలో చేరి, 1869 దాకా ఇష్టం లేకపోయినా చేశాడు, అందులోంచే మార్క్స్‌కి పంపాడు. మానేశాక కూడా ఏడాదికి 350 పౌండ్లు ఇచ్చాడు. విల్‌హెల్మ్ వోల్ఫ్ అనే ఇంకో మిత్రుడు 1864లో చనిపోతూ తన ఆస్తిలో ఎక్కువ భాగం మార్క్స్‌కే రాసిపోయాడు. 1867లో వచ్చిన తన పుస్తకం కాపిటల్ మొదటి సంపుటాన్ని మార్క్స్ అంకితమిచ్చింది ఆ వోల్ఫ్‌కే.

రాత్రిదీపం: ఆ మిల్లు డబ్బు ఎవరిది? కూలీల చెమటది. అయినా మార్క్స్ ఊరికే కూర్చోలేదు, న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికకి పదేళ్ళు రాశాడు.

గోదారిగట్టు: వాటిలో చాలా వ్యాసాలు ఎంగెల్స్ రాసిచ్చినవే!

రాత్రిదీపం: మిల్లు సంగతికి జవాబు చెప్పలేదు.

డల్లాస్‌బాబు: నేనొక్కడినే ఏడాది డబ్బు ఇచ్చేస్తాను. కానీ నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది, నేను పంపితే విదేశీ విరాళం అంటారు. ఆయన ఏ పత్రికలోనైనా కాలమ్ రాస్తుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అసలు తీసుకోకూడదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు.

గోదారిగట్టు: థాంక్స్ అన్నా, కానీ ఒక్కరే ఇస్తే రేపు ఆ ఒక్కరికి నచ్చని మాట రాసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. అందుకే వంద మంది అంటున్నాను. రాత్రిదీపం గారూ, మీరసలు ఎప్పుడైనా ఒక్క పుస్తకం డబ్బిచ్చి కొన్నారా?

రాత్రిదీపం: కొన్నానా? ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో పనిచేసి, ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక పదకొండింటికి కూర్చుని రాశాను. పీఎఫ్ లోను తీసి 800 కాపీలు అచ్చేయించుకున్నాను. ఐదొందలు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. మా ఆవిడ ఊడ్చినప్పుడల్లా వాటిని జరుపుతుంది. నాకోసం ఎవరూ వంద మందిని పోగు చెయ్యలేదు. మానేసినవాడు త్యాగమూర్తి, మానకుండా రాసినవాడు గుమాస్తానా?

కారంపొడి: ఇదా అసలు మంట 🙂

టీచరమ్మ: మా ఇంట్లోనూ ఒక సిద్ధాంతకర్త ఉన్నారు. ఆయనకు వంద మంది లేరు, నా జీతం ఉంది. మార్క్స్ చేతిరాత ఎవరికీ అంతుబట్టేది కాదు, భార్య జెన్నీ కూర్చుని శుభ్రంగా తిరగరాసేది. ఆవిడకి ఎవరు పంపారు పౌండ్లు? గోదారిగట్టు గారూ, మీ రచయిత ఉద్యోగం మానేశాక ఆ ఇంట్లో బియ్యం ఎవరు కొంటున్నారో చెప్పండి ముందు.

గోదారిగట్టు: ఆయన భార్యే, నర్సు మేడమ్. ఈ మధ్య నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంటోంది. ఇక్కడ అడగమన్నది ఆవిడే. ఆయనకు ఇంకా తెలియదు.

టీచరమ్మ: అయితే ఖాతా ఆవిడ పేరు మీద తెరవండి. నాది ఒక 200.

రాత్రిదీపం: ఆవిడకైతే నేనూ ఇస్తాను. మిల్లు డబ్బు మాత్రం మిల్లు డబ్బే.

పాతచందాదారు: రెండేళ్ళకి పుస్తకం రాకపోతే వాపసు ఇస్తారా?