అప్‌డేట్: 26ఏఎస్‌లో కనపడని టీడీఎస్ దొరికింది

ఈ రిటర్న్ వేసేయాలా, ఆగాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను, గుర్తుందా? రిటైర్డ్ టీచర్ గారి ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) వడ్డీ 1,24,000 రూపాయలు. బ్యాంకు సర్టిఫికెట్‌లో టీడీఎస్ (వడ్డీలోంచి ముందే కోసుకున్న పన్ను) 12,400 ఉంది, 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమైన పన్ను చూపించే ఆదాయపన్ను శాఖ స్టేట్‌మెంట్) మాత్రం సున్నా.

మీలో ఎక్కువమంది చెప్పినట్టే రిటర్న్ వేయకుండా ఆగి, ఆయనతో బ్యాంకుకు వెళ్లాను. మొదట "మా వైపు అంతా కరెక్టే" అన్నారు. పాన్ కార్డు పక్కన పెట్టి ఒక్కో అక్షరం చదివితే బయటపడింది. పాన్‌లో ఐదో అక్షరం, అంటే ఇంటిపేరు మొదటి అక్షరం, బ్యాంకువాళ్లు 'ఎం' బదులు 'ఎన్' కొట్టారు. కీబోర్డు మీద పక్కపక్కనే కదా!

వాళ్లు సవరణ స్టేట్‌మెంట్ వేశాక మూడు వారాలకు 26ఏఎస్‌లో పడింది. అయినా నా సాఫ్ట్‌వేర్ సున్నానే చూపించింది. గంటసేపు తిట్టుకున్నాక వెలిగింది, పాత ప్రీఫిల్ ఫైలే (శాఖ దగ్గరున్న వివరాలతో ముందే నింపి వచ్చే ఫైలు) లోడై ఉంది. కొత్తది దించుకుంటే సరిపోయింది. ఇది ఎవరికీ చెప్పకండి.

నిన్న రిటర్న్ వేశాం. ఈ-వెరిఫికేషన్‌కి (రిటర్న్ మనదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడానికి) 30 రోజుల గడువుంది గానీ, అప్పుడే చేసేద్దామని నేను వదల్లేదు. తీరా ఆధార్ ఓటీపీ వచ్చే ఫోన్ మేడం గారితో కూరగాయల మార్కెట్‌కి వెళ్లింది. ఆవిడ వచ్చేదాకా సార్, నేను రెండు టీలు తాగాం.