పాత కోళ్లలో కొత్త పిల్లల్ని ఎలా కలపాలి?

ప్రశ్న: ఉప్పల్‌లో మా పెరట్లో నాలుగు నాటు పెట్టలు, ఓ పుంజు ఉన్నాయి. ఎనిమిది వారాల వనరాజా రకం కోడిపిల్లలు ఆరు తెచ్చాం. ఇప్పుడే వదలొచ్చా అండీ?

జవాబు 1: వద్దండీ, చిన్నవాటిని పొడిచి చంపేస్తాయి. ముందు మూడు వారాలు దూరంగా ఉంచండి. కొక్కెర తెగులు టీకా పడిందో లేదో కనుక్కోండి. తర్వాత అదే షెడ్డులో అరంగుళం జాలీ అడ్డంకట్టి పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి.

జవాబు 2: కలిపేరోజు మేత తొట్లు, నీళ్ల తొట్లు రెండేసి, ఎడంగా పెట్టండి. తోకలు లాగడం, తరమడం మామూలే. రక్తం కనిపిస్తే మాత్రం ఆ పిల్లను వెంటనే తీసేయండి. ఎరుపు చూస్తే మిగతావీ ఎగబడతాయి.

జవాబు 3: మేత సంగతి ఎవరూ చెప్పలేదే! లేయర్ మేతలో (గుడ్లు పెట్టే కోళ్లకు వేసేది) కాల్షియం ఎక్కువ, పిల్లల కిడ్నీలు పాడవుతాయి. అన్నిటికీ గ్రోయర్ మేత (ఎదిగే పిల్లలకు వేసేది) వేసి, పెట్టలకు ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి.