1902 చట్టం వచ్చాక కూడా ఇంగ్లాండ్‌లో ట్రైనింగ్ లేని మంత్రసానులు ఎలా కొనసాగారు?

లీడ్స్ అమ్మాయి:
హాయ్ అండి, నేను ఇక్కడ మిడ్‌వైఫరీ చదువుతున్నా, హిస్టరీ మీద చిన్న ఎస్సే రాయాలి. 1902లో మిడ్‌వైవ్స్ యాక్ట్ వచ్చింది అని స్లైడ్‌లో ఒక్క లైన్ రాసి వదిలేశారు, కానీ ఆ తర్వాత కూడా ఏ పరీక్షా పాసవ్వని ఆవిడలు రిజిస్టర్‌లోనే (గుర్తింపు ఉన్న మంత్రసానుల జాబితా) ఉన్నారట. అదెలా? అసలు పేదవాళ్ళ ఇళ్ళల్లో పురుళ్ళు ఎవరు పోసేవాళ్ళు?

పాతకాగితాలు:
చట్టం ఒక్కరోజులో తలుపు మూసెయ్యలేదమ్మా. 1905 నుంచి సర్టిఫికెట్ లేకుండా మిడ్‌వైఫ్ అని చెప్పుకోకూడదు, 1910 నుంచి డబ్బు తీసుకుని అదే పనిగా పురుళ్ళు పొయ్యకూడదు, డాక్టర్ చెప్పినట్టు చేస్తే తప్ప. ఆ "తప్ప" పట్టుకునే చాలామంది లాగించేశారు, పేరు డాక్టర్‌ది పని ఆవిడది. ఇక రిజిస్టర్ సంగతంటావా, చట్టం వచ్చేనాటికి కనీసం ఏడాదిగా ఆ పనిలో ఉండి, నడవడిక మంచిదని సాక్ష్యం చూపిస్తే పరీక్ష లేకుండానే ఎక్కించారు. వాళ్ళందర్నీ తీసేస్తే పల్లెల్లో దిక్కెవరు మరి! పైగా ఆ పాతకాలం మంత్రసాని పురుడు పోసి వెళ్ళిపోయే రకం కాదు, వంట చేసేది, గుడ్డలు ఉతికేది, పెద్దపిల్లల్ని చూసుకునేది. తర్వాత్తర్వాత కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్లు వచ్చి సంచీ శుభ్రంగా ఉందా లేదా చూడ్డం మొదలైంది.

శ్రీలత:
పై ఆయన చెప్పింది కరెక్టే గానీ అసలు పీటముడి డబ్బు దగ్గర ఉంది. కేసు అడ్డం తిరిగితే మిడ్‌వైఫ్ డాక్టర్‌కి కబురు పెట్టి తీరాలని రూల్, కానీ ఆ ఫీజు ఎవరిస్తారో 1902 చట్టంలో లేదు! ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండదు, రాదని తెలిస్తే డాక్టర్ కదలడు, మధ్యలో నలిగేది ఈవిడ. 1918 చట్టంతో గానీ ముందు లోకల్ అథారిటీ కట్టేసి, ఇచ్చుకోగలిగినవాళ్ళ దగ్గర తర్వాత వసూలు చేసుకునే పద్ధతి రాలేదు. 1911 ఇన్సూరెన్స్ చట్టంలో కాన్పుకి 30 షిల్లింగులు పెట్టారు, అదీ మొదట్లో భర్త పేరు మీదే, ఉమెన్స్ కోఆపరేటివ్ గిల్డ్ (సహకార ఉద్యమంలోని ఆడవాళ్ళ సంఘం) వాళ్ళు పోట్లాడితే 1913లో భార్య సొమ్ము అయింది. నన్నడిగితే మీ ఎస్సే దీని మీదే నడపండి.

రవి హడర్స్‌ఫీల్డ్:
మా ఊరిది కూడా చేర్చండి. ఇక్కడ మేయర్ బెంజమిన్ బ్రాడ్‌బెంట్, పసిబిడ్డల చావులు తగ్గించాలని, తన పదవీకాలంలో లాంగ్‌వుడ్‌లో (ఊళ్ళో ఒక ప్రాంతం) పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి పుట్టినరోజు దాకా బతికుంటే ఒక పౌండ్ ఇస్తానని 1904లో ప్రకటించాడు.

లీడ్స్ అమ్మాయి:
థ్యాంక్స్ అందరికీ! అయితే చట్టం వల్ల తల్లుల చావులు తగ్గాయని రాసెయ్యొచ్చా?

శ్రీలత:
రాయకండి. పసిబిడ్డల చావులు బాగా తగ్గాయి, తల్లులవి మాత్రం 1930ల మధ్య దాకా వెయ్యి కాన్పులకి నాలుగు దగ్గరే ఉండిపోయాయి. బాలింత జ్వరానికి (కాన్పు తర్వాత సోకే ఇన్ఫెక్షన్) సల్ఫా మందులు, అంటే బాక్టీరియాని అణిచే మందులు, వచ్చాకే దిగడం మొదలైంది. డాక్టర్ల చేతుల మీదుగా కూడా ఆ జ్వరం పాకేది, తప్పంతా మంత్రసానుల మీదకి తోసెయ్యకండి.

పాతకాగితాలు:
ఇంకోటి, బ్రిటన్ అని రాయకు, మార్కులు పోతాయి. 1902ది ఇంగ్లాండ్, వేల్స్‌కే, స్కాట్లాండ్‌కి విడిగా 1915లో వచ్చింది.